స్వరలిపి ఉన్న విస్మృతి, స్వరలిపి లేని విస్మృతి: ‘మాన్రు’ ఒపేరా – కోయ డోలికథ – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పోలండ్ పియానో విద్వాంసుడు ఇగ్నాత్సీ యాన్ పదెరెవ్‌స్కీ రచించిన ఏకైక ఒపేరా ‘మాన్రు’. 1901లో ఘనంగా రంగస్థలమెక్కిన ఈ కృతి కొద్దికాలంలోనే మరుగున పడి, శతాబ్దం దాటాక తిరిగి ప్రదర్శనకు నోచుకుంటున్నది. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో రామదాసు కీర్తనలు ఒక విధంగా పునరుద్ధరణ పొందాయి; కోయ డోలికథ మరొక విధంగా కనుమరుగవుతున్నది. మరచిపోయిన కృతిని తిరిగి తీసుకురావడమంటే అందులో దేనిని తిరిగి తీసుకువస్తున్నట్టు అన్న ప్రశ్నను ఈ మూడు సందర్భాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: మాన్రు, పదెరెవ్‌స్కీ, రామదాసు కీర్తనలు, కోయ డోలికథ, పడిగె, సకిని రామచంద్రయ్య, పునరుద్ధరణ, మౌఖిక సంప్రదాయం.

1. ఉపోద్ఘాతం

సాహిత్య పరిశోధనలో ‘విస్మృత కృతి’ అనే మాటను తరచుగా ఉపయోగిస్తూ ఉంటారు. తాళపత్ర భాండాగారంలో దొరికిన కావ్యానికీ, అచ్చయి ఎవరూ చదవని నవలకూ, పాడేవారు లేక ఆగిపోయిన పాటకూ ఒకే మాట సరిపోతుందని భావించడం పరిపాటి అయింది. ఈ మూడింటి విస్మృతి ఒకటి కాదు. మొదటి రెండింటిలో కృతి ఎక్కడో ఒకచోట ఉంటుంది, పాఠకుడు మాత్రమే ఉండడు. మూడోదానిలో పాడే మనిషితోపాటే కృతి కూడా వెళ్లిపోతుంది. పునరుద్ధరణ గురించి మాట్లాడేముందు ఈ తేడాను గుర్తించకపోతే అవార్డులు, ఉత్సవాలు, ప్రదర్శనశాలలు అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి.

గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం ఈ చర్చకు తగిన స్థలం. ఇక్కడ ఒక భక్తకవి కీర్తనలు దేవాలయం నుంచి రేడియోకూ, సినిమాకూ చేరాయి. అదే అడవిలో, అదే నది వెంట, ఆ కీర్తనలకు సంబంధం లేని మరొక గాన సంప్రదాయం తన చివరి గాయకులను ఒక్కొక్కరినే కోల్పోతున్నది. ఈ రెండింటినీ చూడటానికి దూరదేశపు ఒపేరా ఒకటి ఎందుకన్న సందేహం కలగవచ్చు. ఒపేరా అనేది స్వరలిపి మీద పూర్తిగా ఆధారపడిన కళ. లిపి వలన ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చుకోవడానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

2. ‘మాన్రు’: నిలిచిన స్వరలిపి, నిలవని దృష్టి

పదెరెవ్‌స్కీ (1860–1941) పేరు సంగీతలోకానికి మొదట పియానో విద్వాంసుడిగానే తెలుసు. ఐరోపాలోనూ, అమెరికాలోనూ ఆయన కచేరీలకు జనం విరగబడేవారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత 1919లో స్వతంత్ర పోలండ్‌కు ప్రధానమంత్రి అయి, వర్సాయ్ ఒప్పందం మీద సంతకం చేశాడు. ఇటువంటి జీవితం గల మనిషి రాసిన ఒకే ఒక్క ఒపేరా ఆయన ఇతర కీర్తుల నీడలో పడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

‘మాన్రు’ మూడంకాల ఒపేరా. యూజెఫ్ ఇగ్నాత్సీ క్రషెవ్‌స్కీ పందొమ్మిదో శతాబ్ది మధ్యలో రాసిన నవల దీనికి మూలం. ఆ నవల పేరుకు ‘ఊరి వెలుపలి గుడిసె’ అని అర్థం. ఆల్ఫ్రెడ్ నోసిగ్ జర్మన్ భాషలో సంభాషణలూ, గీతాలూ కూర్చాడు. 1901 మే 29న డ్రెస్డెన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. పదిరోజుల వ్యవధిలోనే, జూన్ 8న, ల్వూఫ్ నగరంలో పోలిష్ భాషలో ప్రదర్శించారు. 1902 ఫిబ్రవరిలో న్యూయార్క్ మెట్రపాలిటన్ ఒపేరా వేదిక ఎక్కింది. దేశం మూడు సామ్రాజ్యాల మధ్య ముక్కలై ఉన్న కాలంలో పోలిష్ స్వరకర్త తన ఒపేరాను జర్మన్ మాటలతో రాయవలసి రావడమే ఒక చరిత్ర. పోలిష్ శ్రోతకు తన దేశపు కొండల కథ అనువాదంగా అందింది.

కథ తాత్రా పర్వతాల అంచున జరుగుతుంది. ఉలానా అనే పల్లె యువతి మాన్రు అనే జిప్సీని (రోమా జాతీయుణ్ని) పెళ్లాడి ఊరికి వెలి అవుతుంది. తల్లి హెడ్విగ్ కూతుర్ని గడప తొక్కనివ్వదు. ఉలానాను మనసులో ప్రేమించే ఉరోక్ అనే మరుగుజ్జు ఆమెకు వశీకరణ మందు ఇస్తాడు. భర్తను తన దగ్గరే నిలుపుకోవడానికి ఆమె ఆ మందును వాడుతుంది. అయినా ఫలితం ఎక్కువకాలం నిలవదు. యాగూ అనే వృద్ధుడి వయొలిన్ నాదమూ, ఆసా అనే యువతి పిలుపూ మాన్రును తన జనం దగ్గరికి లాక్కుపోతాయి. ఉలానా సరస్సులో దూకుతుంది. మాన్రుకూ చావు తప్పదు.

సంగీతం విషయంలో ఈ కృతిని వాగ్నర్ అనుకరణగా తోసిపుచ్చే అలవాటు తొలినాటి నుంచీ ఉంది. రెండో అంకంలో మాన్రు కొలిమి దగ్గర సుత్తి పట్టుకోగానే ‘సీగ్‌ఫ్రీడ్’ గుర్తుకు రావడం సహజమే. వాద్యబృందమే కథను మోసుకుపోయే పద్ధతి కూడా వాగ్నర్ నుంచి వచ్చినదే. (తెలుగు పాఠకులు ఒపేరాను ‘సంగీత నాటకం’ అనుకోవడం ఇక్కడే ఇబ్బంది అవుతుంది. సురభి నాటకంలో పద్యం వచ్చినప్పుడు కథ ఆగి పద్యాన్ని వింటుంది. ఈ కాలపు ఒపేరాలో పాట ఆగినా వాద్యబృందం కథ చెబుతూనే ఉంటుంది.) అయినా ఊరి జనపు పాటలకూ, జిప్సీ వయొలిన్‌కూ మధ్య పదెరెవ్‌స్కీ కల్పించిన ఎడం అనుకరణ వలన వచ్చేది కాదు. అంతకు దాదాపు రెండు దశాబ్దాల ముందే ఆయన తాత్రా కొండజనం సంగీతాన్ని ఆధారం చేసుకొని ‘తాత్రా ఆల్బమ్’ కూర్చాడు. ఆ చెవితో విన్న స్వరాలు మొదటి అంకంలో వినిపిస్తాయి.

2022లో జర్మనీలోని హాలే ఒపేరా, 2023లో ఫ్రాన్స్‌లోని నాన్సీ ఒపేరా ఈ కృతిని ప్రదర్శించాయి. స్వరలిపి ఉండటం చేత సంగీతం విషయంలో చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. గాయకులు పాఠం నేర్చుకుంటారు, వాద్యబృందం సాధన చేస్తుంది, నూట ఇరవై ఏళ్లనాటి నాదం మళ్లీ పుడుతుంది. కష్టం మరోచోట ఉంది. జిప్సీ రక్తంలోనే నిలకడలేనితనం ఉందనీ, పౌర్ణమి వెన్నెలా, వయొలిన్ మోతా వింటే భార్యాబిడ్డల్ని వదిలేస్తాడనీ చెప్పే కథను, రెండో ప్రపంచయుద్ధంలో లక్షలాది రోమా ప్రజలు నాజీల చేతిలో హతులైన తరువాత, అమాయకంగా ప్రదర్శించడం సాధ్యమా? వెలివేసింది ఊరు, నేరం మోపింది రక్తం మీద. ‘మాన్రు’లో జిప్సీలు గొప్పగా పాడతారు. ఆ పాటను కట్టింది మాత్రం వారు కాదు. తమ గురించి ఇతరులు కట్టిన పాటలో వారు పాత్రలు. ఈ కృతి పునరుద్ధరణలో అసలు పరీక్ష ఇదే. స్వరలిపి ఆ పరీక్షలో ఎవరికీ సాయం చేయదు.

3. భద్రాచలం: సాహిత్యం నిలిచింది, వరుస మారింది

కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దివాడు. స్వగ్రామం ప్రస్తుత ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. పాల్వంచ తహశీల్దారుగా ఉండి భద్రాచల రామాలయం నిర్మించడం, ప్రభుత్వ ధనం వినియోగించిన కారణంగా తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో మగ్గడం అందరికీ తెలిసిన కథ. త్యాగరాజు తన కీర్తనలోనూ, ‘ప్రహ్లాద భక్తి విజయం’లోనూ రామదాసును స్మరించాడు. అంటే ఈ కీర్తనలు తంజావూరు దాకా ప్రయాణించాయి. అవి ఏ రాగంలో, ఏ నడకలో ప్రయాణించాయో చెప్పగల స్వరలిపి రామదాసు కాలం నుంచి రాలేదు. భజన గోష్ఠులు తమకు తెలిసిన వరుసల్లో వాటిని నిలుపుకున్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో విజయవాడ ఆకాశవాణి ‘భక్తిరంజని’ ద్వారా మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ కీర్తనలకు కొత్త శ్రోతలను సంపాదించిపెట్టారు. నేడు తెలుగువారికి రామదాసు అనగానే చెవిలో మోగేది ఎక్కువగా ఆయన గొంతే. దీనిని పునరుద్ధరణ అనవచ్చునా? సాహిత్యం పాతది, ఆ సాహిత్యాన్ని మోస్తున్న నాదం చాలావరకు ఇరవయ్యో శతాబ్దిది. కొందరికి ఇది లోపంగా తోచవచ్చు. కృతి బతికి ఉండటానికి చెల్లించిన మూల్యంగా దీనిని చూడటమే సమంజసం. భజన సంప్రదాయం ఎన్నడూ ఒకే వరుసకు కట్టుబడి లేదు. కనుక కొత్త వరుస దానికి ద్రోహం చేయలేదు. బాధ కలిగించే విషయం ఒకటే. రేడియో వరుస స్థిరపడిన కొద్దీ, గ్రామాల్లోని భజన వరుసలను ‘తప్పు’గా భావించే ధోరణి పెరిగింది.

ఈ స్థలపురాణంలో పోకల దమ్మక్క ఉంది. అడవిలో పుట్టలో వెలసిన రాముణ్ని మొదట చూసి, పందిరి వేసి, పండ్లు నైవేద్యం పెట్టిన గిరిజన స్త్రీగా ఆమెను ఐతిహ్యం చెబుతుంది. గోపన్న రాకముందే ఆ దేవునికి భక్తురాలు ఆమె. అయినా ఆమె పాడినదేమిటో ఏ కథా చెప్పదు. దమ్మక్క చూస్తుంది, సేవిస్తుంది, చెబుతుంది. పాడటం మాత్రం గోపన్న వంతు. ఇక్కడ ‘మాన్రు’ గుర్తుకు రావడం యాదృచ్ఛికం కాదు. అడవి మనిషి పాత్రగా అందరికీ కావాలి. కర్తగా ఎవరికీ గుర్తు లేదు.

4. డోలికథ: గుడ్డ మీది చరిత్ర

ఆ పాట లేదని అనుకోవడం తప్పు. గోదావరికి ఇరువైపులా విస్తరించిన కోయలకు తమ చరిత్ర చెప్పే గాయక వర్గం ఉంది. వారు డోలి కోయలు. ఆదిలాబాద్ రాజగోండులకు పర్ధానులు ఎటువంటివారో కోయలకు వీరు అటువంటివారు. పర్ధానుల గురించి హైమెండార్ఫ్ 1940లలోనే విస్తారంగా రాయడం వలన ఆ సంప్రదాయానికి విద్యాలోకంలో పేరు వచ్చింది. డోలి కోయలకు ఆ అదృష్టం చాలా ఆలస్యంగా దక్కింది.

డోలికథకు ఆధారం పడిగె. ఇది త్రికోణాకారపు గుడ్డ. దీని మీద ఒక గోత్రానికి సంబంధించిన పూర్వీకులు, వేల్పులు, జంతువులు, యుద్ధాలు బొమ్మలుగా ఉంటాయి. కోయ సమాజం సంఖ్యలతో పిలిచే గట్లుగా విభజితమై ఉంది. ప్రతి గట్టుకూ ఇలవేల్పులు, ఆ వేల్పుల పడిగెలు వేరు. కొలుపుల్లోనూ, కర్మకాండల్లోనూ పడిగెను నిలిపి, డోలి, కంచు తాళాల మోతతో గాయకుడు ఆ వంశచరిత్రను గానం చేస్తాడు. అందువల్ల ఇక్కడ ‘కృతి’ అనేది ఒకచోట లేదు. కొంత గుడ్డ మీద ఉంది, కొంత గాయకుని జ్ఞాపకంలో ఉంది, కొంత వాద్యంలో ఉంది. మిగిలినది, ఒక రకంగా ముఖ్యమైనది, ఆ కథను అడగడానికి హక్కున్న కుటుంబం ఎదుట కూర్చోవడంలో ఉంది.

పడిగెను స్వరలిపితో పోల్చడం ఆకర్షణీయమే కానీ సరికాదు. స్వరలిపి తెలిసినవాడు ఎప్పుడూ వినని ‘మాన్రు’ను కూడా పాడగలడు. పడిగె బొమ్మలు ఎంత తదేకంగా చూసినా, కథ ముందే తెలియనివాడికి అవి పలకవు. ఆ బొమ్మ గాయకుడికి తరువాత ఏది రావాలో గుర్తు చేస్తుంది, తెలియనిది నేర్పదు. ప్రదర్శనశాల అద్దాల వెనుక వేలాడే పడిగె ఈ కారణంగానే చదవబడని గ్రంథం కంటే నిశ్శబ్దంగా ఉంటుంది.

ఈ సంప్రదాయానికి మన కాలపు ప్రతినిధి సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. కోయ భాషలోనూ, తెలుగులోనూ ఆయన వంశకథలు, సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ చెప్పేవారు. 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన మరణించారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు పడిగెలనూ, వాద్యాలనూ, కథనాలనూ సేకరించడం లేకపోతే ఈ సంప్రదాయం పేరు కూడా చాలామంది తెలుగు ఆచార్యులకు తెలిసేది కాదు.

పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ ఆయన్ను ‘కంచుమేళం–కంచుతాళం కళాకారుడు’ అని పరిచయం చేశాయి. గౌరవం నిజమైనదే. కానీ ఆ వాక్యంలో ఒక చిన్న స్థానభ్రంశం జరిగింది. గుర్తింపు వాద్యానికి దక్కింది, ఆ వాద్యం మోసిన కథ రెండో స్థానంలోకి జరిగింది. పదెరెవ్‌స్కీని పియానో మనిషిగా గుర్తుంచుకొని ఒపేరాను మరచిపోవడం లాంటిదే ఇది. అయితే పదెరెవ్‌స్కీ ఒపేరా అచ్చులో ఉంది, రామచంద్రయ్య కథకు ఆ భద్రత లేదు. మొదటిదానికి జరిగింది ఆలస్యం, రెండోదానికి జరిగేది నష్టం.

కథాపాఠం విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. మేడారం జాతర గురించి ప్రచారంలో ఉన్న కథలో సమ్మక్క పులుల మధ్య దొరికిన పసిపాప. అడవిలో దొరికినది, దైవాంశ గలది, అందుచేత ఏ వంశానికీ చెందనిది. ఈ రూపం భక్తులకు ప్రియమైనది, పత్రికలకు అనుకూలమైనది. డోలి గాయకుడి పద్ధతి వేరు. అతడికి వ్యక్తి కంటే ముందు గట్టు, గోత్రం, ఎక్కడి నుంచి ఎక్కడికి వలస వచ్చారన్న దారి వస్తాయి. సమ్మక్క ఎవరి ఆడబిడ్డ, ఎవరి కోడలు అన్నది తేలకుండా యుద్ధం మొదలుకాదు. ఇలవేల్పుకు బంధుత్వం ఉంటుంది. ‘దొరికిన’ దేవతకు బంధుత్వం ఉండదు. బంధువులు లేని దేవతను ఎవరైనా తమదిగా చేసుకోవచ్చు. జనప్రియ కథనం విస్తరించడానికి ఇది ఒక కారణమని చెప్పవచ్చు.

ఇక కోయ నుంచి తెలుగులోకి వచ్చే పాఠం సంగతి. 2011 జనగణన ప్రకారం కోయ మాతృభాషగా గలవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. భాష బతికే ఉంది. అయినా డోలికథ అచ్చులో కనిపించేది ఎక్కువగా తెలుగు వచనంగానే. వచనంలోకి మారగానే మొదట రాలిపోయేవి పునరుక్తులు. సంపాదకుడికి అవి అనవసరంగా కనిపిస్తాయి. పాడేవాడికి అవి ఊపిరి తీసుకునే చోటు, వంత అందుకునే చోటు, వినేవాడు తలూపే చోటు. నోసిగ్ జర్మన్ మాటలను పోలిష్‌లోకి మార్చినప్పుడు స్వరం మారలేదు కనుక మాట ఎక్కడ వాలాలో స్వరమే చెప్పింది. డోలికథ అనువాదకుడికి అటువంటి కట్టుగొయ్య లేదు. ధ్వనిముద్రణను, కోయ పాఠాన్ని తెలుగు లిపిలో, దాని పక్కన తెలుగు అర్థాన్ని కలిపి ప్రకటించనంత వరకు మన చేతిలో ఉండేది కథాసంగ్రహం మాత్రమే.

అడవి సరిహద్దులో మరొక పునరుద్ధరణ కూడా జరుగుతున్నది. కొమ్ముకోయ నృత్యం ప్రభుత్వ సభలకు, మంత్రుల రాకకు ఆనవాయితీ అయింది. అడవిదున్న కొమ్ముల తలపాగాలు, పెద్ద డోళ్లు కెమెరాకు అందంగా ఉంటాయి. దీనిని తక్కువ చేయవలసిన పని లేదు. కళాకారులకు నాలుగు రూపాయలు వస్తున్నాయి, పిల్లలు అడుగులు నేర్చుకుంటున్నారు. కానీ పది నిమిషాల స్వాగతంలో ఇమిడేది నృత్యం. రాత్రంతా సాగే వంశకథ అందులో ఇమడదు. వేదిక ఎంత సమయం ఇస్తే కళ అంతకు కుదించుకుపోతుంది. కుదించుకోలేని కళను వేదిక పిలవదు.

5. తిరిగి తీసుకురావలసినది

రామచంద్రయ్య గొంతు ధ్వనిముద్రణల్లో కొంత మిగిలి ఉంది. వాటిని విని ఎవరైనా యథాతథంగా పాడితే డోలికథ తిరిగి వచ్చినట్టేనా? స్వరలిపి ఏం చేయాలో చెప్పే ఆదేశం. ధ్వనిముద్రణ ఒకరోజు ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం. సాక్ష్యాన్ని ఆదేశంగా వాడితే, ఆ ఒక్కరోజు పాడిన రూపమే శాశ్వత పాఠమై కూర్చుంటుంది. ఏ గట్టువారు ఎదుట ఉంటే వారి చరిత్రను విస్తరించడం, మరొకరి చరిత్రను కుదించడం గాయకుడి విద్యలో భాగం. రామదాసు కీర్తనల విషయంలో రేడియో వరుస ప్రమాణం కావడం వంటిదే ఇక్కడా జరిగే అవకాశం ఉంది. అక్కడ ఒక వరుస పోతే సాహిత్యమైనా మిగిలింది.

కనుక శిక్షణ అనే మాటకు ఇక్కడ అర్థం మారాలి. విశ్వవిద్యాలయ జానపద శాఖలో ఆరునెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టి డోలి, తాళం నేర్పడం సులభం. దానివల్ల వాద్యకారులు తయారవుతారు. కథకుడు తయారు కావాలంటే డోలి కుటుంబపు యువకుడు కొలుపు జరిగే చోటికి వెళ్లాలి. పడిగె ఉన్న ఇంటివారు అతణ్ని పిలవాలి. పిలిచి, పాత పద్ధతిలో అతడికి దక్కవలసినది ఇవ్వాలి. పోషకుడు లేకుండా గాయకుణ్ని మాత్రమే నిలబెట్టాలనుకునే ప్రణాళికలు సగమే పనిచేస్తాయి. ధ్వనిముద్రణలు భాండాగారంలో కంటే ముందుగా ఆ పడిగెల వారసుల ఇళ్లలో ఉండాలి. తప్పు పాడితే తప్పని చెప్పగలవారు అక్కడే ఉన్నారు.

పోషకులు ఎక్కడ ఉన్నారన్నది మరింత కఠినమైన ప్రశ్న. 2014లో పోలవరం ముంపు కారణంగా పూర్వపు ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో, నది దిగువ కోయ గ్రామాలు మరో రాష్ట్రంలో, ఎగువ అడవిలోని బంధువులు ఛత్తీస్‌గఢ్‌లో, శబరి అవతలివారు ఒడిశాలో ఉన్నారు. డోలి గాయకుడు గానం చేసే వలసదారికి ఈ సరిహద్దులు తెలియవు. పద్మశ్రీ వంటి గౌరవానికి సిఫారసు చేసేది, పింఛను ఇచ్చేది, ఉత్సవం జరిపేది మాత్రం ఏదో ఒక రాష్ట్రం. ముంపు గ్రామాల వారిని పునరావాస కాలనీలకు తరలించినప్పుడు ఇల్లుకు, పొలానికి, చెట్టుకు పరిహారం లెక్కిస్తారు. వేల్పు కొలువై ఉన్న గట్టుకూ, వాగుకూ ఆ పట్టికలో వరుస లేదు. డోలికథలో ఊరిపేర్లు వాగులతో, గుట్టలతో కలిసి వస్తాయి. కాలనీలో పుట్టిన పిల్లవాడికి ఆ పేరు వినిపించినప్పుడు చూపించడానికి గుట్ట ఉండదు.

‘మాన్రు’లో యాగూ వయొలిన్ తీయగానే మాన్రు తన జనాన్ని గుర్తుపడతాడు. పదెరెవ్‌స్కీ దానిని రక్తం పిలుపుగా రాశాడు. కోయ గూడేల్లో కంచుతాళం మోగినప్పుడు లేచి వచ్చే పెద్దలను రక్తం పిలవడం లేదు. చిన్ననాటి నుంచి విన్న పేర్లు పిలుస్తున్నాయి. ఆ పేర్లను వరుస తప్పకుండా చెప్పగల డోలి గాయకులు ఏ ఏ గూడేల్లో ఇంకా ఉన్నారో, ఏ గట్టు పడిగె ఎవరింట ఉన్నదో నాలుగు రాష్ట్రాల్లోనూ కలిపి ఒక జాబితా తయారు చేయడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని. దానికి స్వరలిపి అక్కరలేదు, కోయ భాష వచ్చిన పరిశోధకులు కావాలి.